మనసు రంది కూడా ప్రార్థన అంశమే



ఏటా జూలై 1న గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ దగ్గర అధికారులు కలుస్తారు. మహారాష్ట్ర వాళ్లు, తెలంగాణ వాళ్లు, కేంద్ర జల సంఘం వాళ్లు చూస్తుండగా 14 గేట్లూ పైకి లేస్తాయి. అక్టోబర్ 28 దాకా వాటిని దించకూడదు. మార్చి 1న మళ్లీ 0.6 టీఎంసీల నీళ్లు కిందికి వదలాలి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జరిగే పని ఇది. ఆ తీర్పు ఊరికే రాలేదు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోర్టుకెక్కింది. 2010 జూలైలో, అప్పుడు ప్రతిపక్ష నాయకుడిగా ఉన్న చంద్రబాబు నాయుడు తన ఎమ్మెల్యేలతో బాబ్లీకి బయలుదేరి అరెస్టయ్యారు. 2.74 టీఎంసీల బ్యారేజీ గురించి రెండు రాష్ట్రాల పత్రికలు, పార్టీలు, న్యాయవాదులు ఏళ్ల తరబడి మాట్లాడారు. మాట్లాడాలి కూడా. నీళ్లంటే బతుకు.

మరి ఆ నీళ్ల కోసం ఎదురుచూసిన మనుషుల సంగతేమిటి? బోరు ఎండిపోయాక నిద్రపట్టక అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చున్న రైతు, పక్కన నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుని పడుకున్న అతని భార్య, నాన్న మొహం చూసి కాలేజీ ఫీజు మాట ఎత్తలేకపోయిన పిల్లవాడు. వీళ్ల గురించి ఏ పర్యవేక్షక కమిటీ కూర్చుని మాట్లాడలేదు. కమిటీల సంగతి పక్కన పెడదాం. మన సంఘాల్లో మనమైనా మాట్లాడామా? ఈసారి సంపాదకీయం ఆ ప్రశ్న మీదే.

రెండు ఒడ్లకూ ఒకటే బాధ

బాబ్లీ ఉన్నది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో. మ్యాపులో అది మహారాష్ట్ర. కానీ ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. బంధుత్వాలు బోధన్, నిజామాబాద్, భైంసా, నిర్మల్ దాకా అల్లుకుని ఉంటాయి. నది కోసం రాష్ట్రాలు కొట్లాడుకున్నా, ఒడ్డుకు ఇటూ అటూ పత్తి, సోయా వేసిన రైతుకు వచ్చిన కష్టం ఒకటే. మరాఠ్వాడా, తెలంగాణ రెండూ రైతుల బలవన్మరణాల వార్తల్లోకి ఎక్కి పాతికేళ్లు దాటింది.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. వారిలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 11,290 మంది. అందులోనూ రైతులు 5,207 అయితే, వ్యవసాయ కూలీలు 6,083. విద్యార్థులు 13,044 మంది. మొత్తం మరణాల్లో నాలుగో వంతుకు పైగా రోజు కూలీలవే. మనసు జబ్బులు డబ్బున్నవాళ్లకే వస్తాయని, పనిలో పడితే అవే పోతాయని చెప్పేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. తెల్లారితే పనికి పోయేవాళ్లే ఎక్కువగా చనిపోతున్నారు. ఆదివారం మన మందిరాల్లో చాపల మీద కూర్చునేది కూడా వాళ్లే.

తిట్టుగా మారిన మాటలు

బాధను చెప్పడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. దిగులు, బెంగ, గుబులు. తెలంగాణలో అయితే రంది. "రంది పెట్టుకున్నడు" అని ఒకరి గురించి అన్నారంటే ఆ మనిషి తిండి తగ్గిందని, నిద్ర పోయిందని, పని మీద ధ్యాస లేదని ఊరందరికీ అర్థమవుతుంది. డాక్టరు డిప్రెషన్ అని రాసేదానికి చాలా దగ్గరగా ఉన్న మాట అది. మన అమ్మమ్మలకు ఈ జబ్బు తెలియక కాదు.

అయితే రంది ముదిరిందనుకోండి, ఆ తర్వాత మన దగ్గర రెండే మాటలు మిగులుతాయి. ఒకటి పిచ్చి, రెండోది గాలి. "వీడిని ఎర్రగడ్డకు పంపాలి" అని సినిమాల్లో నవ్విస్తారు, కాలేజీల్లో ఏడిపిస్తారు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. వేలమందిని నయం చేసి ఇంటికి పంపిన చోటు. ఆసుపత్రి పేరే తిట్టయిన చోట ఆ ఆసుపత్రి గడప తొక్కేదెవరు? ఇక గాలి, చేతబడి సంగతి. సరిహద్దుకు అటు భానామతి అంటారు, ఇటు బాణామతి అంటారు. ఆ అనుమానంతో దిక్కులేని ముసలివాళ్ల మీద, ఒంటరి ఆడవాళ్ల మీద దాడులు చేసిన చరిత్ర మన పల్లెలకుంది. రోగికి వైద్యం అందలేదు, పైగా ఇంకో నిర్దోషి దెబ్బలు తినింది.

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. జబ్బు రకాన్ని బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. డాక్టర్ల కొరత ఒక కారణం. లోకం ఏమనుకుంటుందోనన్న భయం ఇంకో కారణం. మొదటిదాన్ని ప్రభుత్వాలు తీర్చాలి. రెండోది మన చేతుల్లో ఉంది.

చనిపోయాక కూడా నోరు మూయించే పద్ధతి

రైతు కుటుంబాల్లో ఈ మౌనానికి ఇంకో కారణం ఉంది. దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. మహారాష్ట్రలో రైతు ఇలా చనిపోతే కుటుంబానికి లక్ష రూపాయల సాయం ఉంది. జిల్లా కమిటీ విచారణ చేసి ఆ కేసు 'పాత్ర' అనో 'అపాత్ర' అనో తేలుస్తుంది. పేరు మీద భూమి ఉందా, గుర్తింపు పొందిన సంస్థలో అప్పు ఉందా, ఆ అప్పు కట్టమని ఒత్తిడి ఉందా అని చూస్తారు. తెలంగాణలో 2015లో వచ్చిన 194 నంబరు జీవో సాయాన్ని 6 లక్షలకు పెంచింది కానీ, అక్కడా విచారణ, కాగితాలు తప్పవు. 2018 ఆగస్టు 15 నుంచి అమలైన రైతుబీమా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షలు ఇచ్చే ఏర్పాటు చేసింది. అది మంచిదే. కానీ పట్టా ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. కౌలు రైతుకు లేదు, కూలీకి లేదు.

ఈ పద్ధతి ఇంటి మనుషుల మీద ఏం పని చేస్తుందో ఆలోచించండి. "ఆయనకు ఆర్నెల్లుగా నిద్ర లేదు, ఎవరితో మాట్లాడేవాడు కాదు" అని భార్య నిజం చెబితే, అది అప్పు వల్ల కాదు, సొంత సమస్య అని రాసేస్తారేమోనని భయం. అందుకే చెప్పదు. అప్పు మాత్రమే చెబుతుంది. మనసు విరగడానికి అప్పే కారణమై ఉండొచ్చు, విరిగిన మనసుతో ఆ అప్పు కొండంత కనబడి ఉండొచ్చు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉంటాయని ఒప్పుకునే గడి ఆ దరఖాస్తులో లేదు.

సామాజిక న్యాయం కోరే మనం ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. గిట్టుబాటు ధర లేకపోవడం, కౌలు రైతుకు గుర్తింపు లేకపోవడం, దళితుడి పేరు మీద ఎకరం భూమి లేకపోవడం మాత్రలతో నయమయ్యే జబ్బులు కావు. వాటిని "డిప్రెషన్" అని పేరు పెట్టి పక్కకు తప్పుకునే పాలకులను మనం నిలదీయాలి. అదే సమయంలో, న్యాయం వచ్చేదాకా ఆ మనిషి బతికి ఉండాలి కదా! బతికించే వైద్యాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

మన మందిరాల్లో జరుగుతున్నదేమిటి?

సంఘాల్లో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు గమనించండి. షుగరు, మోకాళ్ల నొప్పులు, ఆపరేషన్, ఉద్యోగం, పెళ్లి సంబంధం, వీసా. చేతులు వరసగా లేస్తాయి. "నాకు మూడు నెలలుగా బతకాలని లేదు, ప్రార్థన చేయండి" అని లేచిన చెయ్యి ఎప్పుడైనా చూశారా? సాక్ష్యాల సమయంలో క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్లు మైకు పట్టుకుంటారు. కుంగుబాటు నుంచి బయటపడ్డవాళ్లు వెనక వరసలో మౌనంగా కూర్చుంటారు. వాళ్లు లేరని కాదు. చెబితే "విశ్వాసం తక్కువ", "రహస్య పాపం ఏదో ఉంది", "దయ్యం" అనే మూడు తీర్పుల్లో ఏదో ఒకటి వస్తుందని వాళ్లకు తెలుసు. చింతపడవద్దని పౌలు ఫిలిప్పీయులకు ఓదార్పుగా రాసిన మాటను మనం కుంగిపోయినవాళ్ల మీద నేరారోపణలా చదువుతున్నాం.

ఇంకా ప్రమాదకరమైనది ఒకటుంది. "విశ్వాసముంటే మాత్రలు మానెయ్యి" అని చెప్పేవాళ్లు ఉన్నారు. షుగరు మాత్రలు వేసుకుంటూనే ఈ మాట చెబుతారు! మానసిక వ్యాధికి వాడే మందును డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో పాక అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. అది దర్గా ఊరు కదా అని మనం చేతులు దులుపుకోకూడదు. స్వస్థత పేరుతో మనుషులను కట్టేసే, కొట్టే, పస్తులు పెట్టే చోటు ఏ మతానిదైనా ఒకటే.

వాక్యం ఏం చెబుతోంది?

మత్తయి సువార్త నాలుగో అధ్యాయం 24వ వచనం తెరవండి. యేసు దగ్గరికి తెచ్చినవాళ్ల జాబితాలో దయ్యము పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు వేరువేరుగా ఉన్నారు. సువార్తికుడు అన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. మనమెందుకు కడుతున్నాం?

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. కర్మెలు మీద అగ్ని దింపిన ప్రవక్త అతను. విశ్వాసం లేనివాడని అతన్ని ఎవరంటారు? అక్కడ దేవుని దూత చేసిన పని చూడండి. గద్దించలేదు. పడుకోనిచ్చాడు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. ఆ తర్వాత హోరేబులో దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. ఏలీయా ఒకే జవాబు రెండుసార్లు చెప్పాడు. "ఇది నువ్వు ఇందాక చెప్పావు కదా" అని దేవుడు మధ్యలో ఆపలేదు. చివరికి అతనికి తోడుగా ఎలీషాను ఇచ్చాడు. నిద్ర, తిండి, వినే చెవి, తోడు. ఈ నాలుగూ ఇవ్వగలిగిన సంఘం ఏ ఊళ్లో లేదు?

గెత్సేమనేలో మన ప్రభువే తన ప్రాణం మరణమంత దుఃఖంలో ఉందని ముగ్గురు స్నేహితులకు చెప్పుకున్నాడు. తనతో మెలకువగా ఉండమని అడిగాడు. మనసు బాధ బయటికి చెప్పడం పాపమైతే ఆయన చెప్పేవాడా? ఆ రాత్రి తప్పు చెప్పినవాడిది కాదు, నిద్రపోయినవాళ్లది.

మన మిషనరీ చరిత్రలోనూ ఒక మూసిన గది ఉంది. తెలుగు కొత్త నిబంధన 1818లో శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయంలో అచ్చయింది. విలియం కేరీ పేరు మన ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. ఆయన భార్య డోరతీ పేరు ఎంతమందికి తెలుసు? బెంగాల్‌కు వచ్చిన ఏడాదికే, 1794లో, అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆమె మనసు చెదిరింది. 1807లో కన్నుమూసేదాకా ఆమె తేరుకోలేదు. భర్త ఒక గదిలో వాక్యాన్ని తర్జుమా చేస్తుంటే ఆమె పక్క గదిలో వేదన పడుతూ ఉండేది. ఆ కాలానికి మందులు లేవు, చెప్పుకునే చోటు లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి. ఆమె కథను మన పిల్లలకు సిగ్గుపడకుండా చెబుదాం. లండన్‌లో వేలమందికి ప్రసంగించిన స్పర్జన్ తన కుంగుబాటును తన శ్రోతలకే చెప్పుకున్నాడని కూడా చెబుదాం.

యువతకు ఒక మాట

బాబ్లీ నుంచి గోదావరి వెంట కొంచెం కిందికి వస్తే బాసర. అక్కడ పల్లెటూళ్ల సర్కారు బడుల్లో బాగా చదివిన పిల్లల కోసం 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ ఉంది. 2022 జూన్‌లో అక్కడి విద్యార్థులు ఎండావానల్లో రోజుల తరబడి కూర్చుని సౌకర్యాల కోసం ఆందోళన చేశారు. ఆ తర్వాతి ఏడాదిలో అదే క్యాంపస్ నుంచి విద్యార్థుల మరణ వార్తలు విన్నాం. ఊళ్లో మొదటి ర్యాంకు తెచ్చుకుని, కుటుంబం మొత్తం ఆశను సంచిలో పెట్టుకుని హాస్టలుకు చేరిన పిల్లలు వాళ్లు. "నాకు కష్టంగా ఉంది" అని ఇంటికి ఫోన్ చేయడం వాళ్లకు ఎంత కష్టమో తల్లిదండ్రులు అర్థం చేసుకోవాలి.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జూలైలో మరణించింది. తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలిచ్చింది. 100 మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా పెట్టాలి. క్రైస్తవ యాజమాన్యాల కింద ఎన్నో బడులు, కాలేజీలు, హాస్టళ్లు ఉన్నాయి. వాటిలో ఎన్ని ఇది పాటిస్తున్నాయో మన యువజన సంఘాలే వెళ్లి అడగాలి.

చట్టం కూడా మారిందని తెలుసుకోండి. 2018 మేలో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలని, ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిదేనని చెబుతోంది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. 2024 జూలై 1న పాత శిక్షాస్మృతి పోయినప్పుడు దాంతోపాటు 309 సెక్షన్ కూడా పోయింది. ప్రభుత్వోద్యోగిని బెదిరించడానికి చేసే సందర్భంలో తప్ప ఆ ప్రయత్నం ఇప్పుడు నేరం కాదు. "పోలీసు కేసవుతుంది" అని దాచిపెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆలస్యం చేసే పని ఇక వద్దు.

మాట్లాడితే మారుతుందా?

మారుతుంది. మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో, విదర్భ పత్తి ప్రాంతంలో, సంగాత్ అనే సంస్థ 30 గ్రామాల్లో 18 నెలలు పని చేసింది. ఊరివాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇల్లిల్లూ తిరిగి, ఊళ్లో కూర్చోబెట్టి ఈ విషయం మాట్లాడించింది. మొదట్లో కుంగుబాటుతో ఉన్నవాళ్లలో నూటికి నలుగురే సాయం కోరేవారు. చివరికి ఆ సంఖ్య 27కు పెరిగింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన 'ప్రేరణ' కార్యక్రమం మరాఠ్వాడా, విదర్భల్లోని 14 జిల్లాల్లో ఇదే పనిని ఆశా కార్యకర్తలకు అప్పగించింది. ఇల్లిల్లూ తిరగడం, కూర్చుని వినడం మన సంఘాలకు కొత్త పనులా? మన స్త్రీల సమాజాలు తరతరాలుగా చేస్తున్నది అదే కదా.

కాబట్టి ఈ కొన్ని పనులు మొదలుపెడదాం.

ఒకటి, అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. దానికి దగ్గరి ఆదివారం ప్రతి సంఘంలో ఈ అంశం మీద ప్రసంగం ఉండాలి. ప్రార్థన అంశాల్లో నిద్రలేమి, దిగులు, భయం అనే మాటలను సేవకులే ముందుగా పలకాలి. పీఠం మీద పలికిన మాటను బల్ల మీద కూర్చున్నవాళ్లు పలకడం తేలిక.

రెండు, వినడం నేర్చుకుందాం. సలహా, వాక్యం, మన సొంత కథ అన్నీ తర్వాత. అనుమానం వస్తే "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా, మెల్లగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే వాళ్లను ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందులుంటే పొరుగింట్లో తాళం వేసి పెట్టించండి.

మూడు, దారి చూపిద్దాం. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబర్ 10 నుంచి ఉచితంగా, రాత్రింబవళ్లు పని చేస్తోంది. 20 భాషల్లో సేవ ఉంది, తెలుగు కూడా ఉంది. సరిహద్దుకు అవతల ఉన్న మనవాళ్లకు ఇది మరీ ముఖ్యం. పంట నష్టం మరాఠీలో చెప్పుకోవచ్చు గానీ, గుండెలోని దుఃఖం అమ్మ మాటలోనే బయటికొస్తుంది. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడు ఏ రోజుల్లో ఉంటాడో కనుక్కుని మందిరం గోడ మీద రాయండి. మొదటిసారి వెళ్లేవాళ్లతో సంఘం నుంచి ఒకరు తోడు వెళ్లండి.

నాలుగు, ఇలా చనిపోయినవారి సమాధి కార్యక్రమానికి తలుపులు మూయకండి. స్మశానంలో ఓ మూల స్థలం చూపించడం, పాట లేకుండా తొందరగా ముగించడం ఇకనైనా ఆపుదాం. తీర్పు దేవునిది. ఆ విధవరాలి పక్కన కూర్చోవడం మన పని. ఏడాది తర్వాత కూడా.

అయిదు, సేవకులను, వారి భార్యలను కూడా అడగండి. అందరి బాధా వినే అయ్యగారి బాధ వినేవాళ్లు ఊళ్లో ఉండరు. అమ్మగారి బాధ వినేవాళ్లు అసలే ఉండరు.

ఆరు, న్యాయం అడగడం ఆపొద్దు. కౌలు రైతుకు, కూలీకి బీమా, ప్రతి మండలంలో శిక్షణ పొందిన కౌన్సిలర్, కుటుంబం నిజం చెప్పినా సాయం పోని విచారణ పద్ధతి. బాబ్లీ నీళ్ల కోసం కోర్టు దాకా వెళ్లగలిగిన ప్రభుత్వాలు ఈ పనులూ చేయగలవు. చేయమని అడిగే గొంతుల్లో మన గొంతు ఉండాలి.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరైనా కొన్ని వారాలుగా ఆ చీకట్లో ఉండి ఉండొచ్చు. తమ్ముడూ, చెల్లీ, నీ విశ్వాసం మీద మాకు అనుమానం లేదు. ఏలీయా దేవుడికే నువ్వూ బిడ్డవు. ఈ రోజే ఒకరికి చెప్పు. చెప్పడానికి ఎవరూ దొరకకపోతే 14416కు ఫోన్ చెయ్యి. మిగతావాళ్లం ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే ఇంటికి వెళ్లకుండా, వెనక వరసలో కూర్చున్నవారి దగ్గరికి వెళ్లి "ఎట్లున్నవ్?" అని అడుగుదాం. జవాబు వచ్చేదాకా అక్కడే ఉందాం.

సమాధానకర్తయగు దేవుడు మీ హృదయాలను, మనసులను కాపాడును గాక. ఆమేన్.